చెప్పలేదంటే వద్దన్నట్టా? ఫాస్ట్‌ఏపీఐలో బూలియన్ పారామీటర్లకు డీఫాల్ట్ పెట్టే పద్ధతి

మాదాపూర్‌లో మా ఆఫీసు కింద ఒక జ్యూస్ సెంటర్ ఉంది. "అన్నా, ఒక బత్తాయి" అని ఊరుకుంటే గ్లాసులో చక్కెరా పడుతుంది, ఐసూ పడుతుంది. వద్దనుకుంటే మనమే నోరు తెరవాలి. ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే చక్కెర, ఐస్ అనే రెండు బూలియన్ (ట్రూ, ఫాల్స్ తప్ప ఇంకో విలువ లేని) పారామీటర్లున్నాయి. ఏమీ చెప్పకపోతే తీసుకునే విలువ, అంటే డీఫాల్ట్, రెండిటికీ ట్రూ. నేను ఏళ్ల తరబడి వెళ్తున్నా ఆ అన్న నా డీఫాల్ట్ మార్చలేదు. రోజూ "షుగర్ వద్దు" అని చెప్పాల్సిందే.

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది అమీర్‌పేటలో కోర్సు చేసి వస్తారు. సింటాక్స్ నాకంటే బాగా వచ్చు. కానీ కోడ్ రివ్యూలో "ఇక్కడ డీఫాల్ట్ ఫాల్స్ ఎందుకు పెట్టావు?" అని అడిగితే "ఏదో ఒకటి పెట్టాలి కదా సార్" అంటారు. తప్పు వాళ్లది కాదు. ట్రూ, ఫాల్స్ రెండే ఉన్నాయి కాబట్టి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. అసలు చిక్కు మూడో మనిషితో వస్తుంది: కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు, అసలేమీ చెప్పలేదు. అతన్ని ఎటు వేస్తారన్నదే ఈ మార్గదర్శి అంతా.

ఉదాహరణలు పైథాన్‌లో, దానిలో వెబ్ ఏపీఐలు రాయడానికి వాడే ఫాస్ట్‌ఏపీఐ ఫ్రేమ్‌వర్క్‌లో ఇస్తున్నాను. కోడ్ కూడా తెలుగు లిపిలోనే రాశాను. ఎడిటర్‌లో కొట్టేటప్పుడు డెఫ్, ట్రూ, బూల్ లాంటివి మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. పండు, చక్కెర లాంటి పేర్లను మాత్రం పైథాన్ 3 తెలుగులో కూడా ఒప్పుకుంటుంది. ఇంట్లో సరదాగా ప్రయత్నించండి. ఆఫీసులో అలా రాసి రివ్యూకి పెడితే నా పూచీ లేదు.

మొదటి అడుగు: ఏమీ చెప్పనివాడికి ఏమివ్వాలో తేల్చుకోండి

ఎడిటర్ తెరవక ముందే చెయ్యాల్సిన పని ఇది. మీ ఫంక్షన్‌ను పిలిచేవాడికి ఈ పారామీటర్ ఉందనే తెలియదనుకోండి. అప్పుడు ఏం జరిగితే ఎవరికీ నష్టం లేదు? అదే డీఫాల్ట్.

రికార్డులు చెరిపేయడం, కస్టమర్‌కు ఎస్సెమ్మెస్ పంపడం, కార్డు నుంచి డబ్బు కోయడం వంటి వెనక్కి తీసుకోలేని పనులకు డీఫాల్ట్ ఎప్పుడూ ఫాల్స్. అడిగితేనే జరగాలి. సర్టిఫికెట్ సరిచూడటం, పాస్‌వర్డ్ దాచడం వంటి కాపలా పనులకు డీఫాల్ట్ ట్రూ. వద్దని నోరు తెరిచి చెబితేనే ఆగాలి. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీలో వెరిఫై అనే పారామీటర్ డీఫాల్ట్ ట్రూ కావడం ఇందుకే. చక్కెర లాంటి వాటిలో ప్రాణాపాయం లేదు (షుగర్ పేషెంట్లు మన్నించాలి), అక్కడ ఎక్కువమంది అడిగేదే డీఫాల్ట్.

పేరు కూడా ఇప్పుడే ఖాయం చేసుకోండి. "చక్కెర_వద్దు = ఫాల్స్" అని రాస్తే చదివేవాడు వద్దు కాదు, అంటే కావాలి అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. దాని పక్కన ఇఫ్ నాట్ కూడా చేరితే రాత్రి పదకొండింటికి ప్రొడక్షన్ బగ్ వెతికేవాడి గతి ఆలోచించండి. ఉన్నదాన్ని చెప్పే పేరు పెట్టండి: చక్కెర, ఐస్.

రెండో అడుగు: పేరు చెప్పకుండా పంపడం కుదరకుండా చెయ్యండి

ఫంక్షన్ ఇలా మొదలుపెడతాం:

డెఫ్ జ్యూస్_తీయి(పండు: ఎస్‌టీఆర్, చక్కెర: బూల్ = ట్రూ, ఐస్: బూల్ = ట్రూ):

దీన్ని ఎవరో ఇలా పిలుస్తారు: జ్యూస్_తీయి("బత్తాయి", ఫాల్స్, ట్రూ). ఫాల్స్ దేనికి, ట్రూ దేనికి? ఫంక్షన్ ఉన్న ఫైలు తెరిస్తే తప్ప తెలియదు. ఇంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. కొత్త కుర్రాడు రెండు గ్లాసులు కావాలనుకొని జ్యూస్_తీయి("బత్తాయి", 2) అని రాశాడు. ఎర్రర్ రాదు. రన్ అయ్యేటప్పుడు పైథాన్ టైప్ హింట్లను (కోలన్ తర్వాత రాసిన ఎస్‌టీఆర్, బూల్ లాంటివాటిని) పట్టించుకోదు. 2 వెళ్లి చక్కెర స్థానంలో కూర్చుంటుంది, సున్నా కాని అంకె ఇఫ్‌లో నిజం కిందే లెక్క. రెండు గ్లాసులు అడిగితే చక్కెర వేసిన ఒక గ్లాసు వస్తుంది.

ఒక్క నక్షత్రం దీన్ని ఆపుతుంది:

డెఫ్ జ్యూస్_తీయి(పండు: ఎస్‌టీఆర్, *, చక్కెర: బూల్ = ట్రూ, ఐస్: బూల్ = ట్రూ):

నక్షత్రం తర్వాత వచ్చేవన్నీ పేరు పెట్టి పంపాల్సిందే. లేకపోతే టైప్ఎర్రర్. ఈ సౌకర్యం 2008లో పైథాన్ 3.0తోనే వచ్చింది, అయినా సగం కోడ్‌లో కనిపించదు. మనుషుల మీద నమ్మకం లేకపోతే రఫ్ అనే లింటర్‌లో ఎఫ్‌బీటీ రూల్స్ ఆన్ చెయ్యండి. పేరు లేకుండా పంపగల ప్రతి బూలియన్ పారామీటర్‌నూ అది ఎత్తిచూపుతుంది. పాత ప్రాజెక్టులో మొదటిసారి ఆన్ చేసిన రోజు టీ తాగి కూర్చోండి, లిస్టు పొడుగ్గానే వస్తుంది.

ఇక్కడే ఇంకో గోతి ఉంది. పైథాన్ డీఫాల్ట్ విలువను ఫంక్షన్ నిర్వచించేటప్పుడు ఒక్కసారే లెక్కగడుతుంది, పిలిచిన ప్రతిసారీ కాదు. లిస్టును డీఫాల్ట్‌గా పెట్టకూడదని ఇంటర్వ్యూల్లో అందరూ చెబుతారు. బూలియన్‌కు ఆ బాధ లేదనుకుంటారు. కానీ "లాగ్_చెయ్యాలా: బూల్ = సెట్టింగ్స్.డీబగ్" అని రాసి చూడండి. ఫైలు ఇంపోర్ట్ అయిన క్షణాన డీబగ్ ఎలా ఉందో అదే గడ్డకట్టిపోతుంది. తర్వాత టెస్టులో సెట్టింగ్స్.డీబగ్ మార్చినా ఫంక్షన్ పాత విలువతోనే నడుస్తుంది. అలాంటి చోట డీఫాల్ట్‌గా నన్ (ఏ విలువా లేదని చెప్పే పైథాన్ మాట) పెట్టి, లోపలికి వచ్చాక "ఈజ్ నన్" అని చూసి అప్పుడు సెట్టింగ్ చదవండి.

మూడో అడుగు: ఎండ్‌పాయింట్‌గా (వెబ్‌లో పిలవగల యూఆర్ఎల్‌గా) మార్చండి

@యాప్.గెట్("/జ్యూస్") అని పైన పెట్టి అదే ఫంక్షన్‌ను ఫాస్ట్‌ఏపీఐకి అప్పగిస్తే, చక్కెర, ఐస్ రెండూ యూఆర్ఎల్‌లో ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే క్వెరీ పారామీటర్లవుతాయి. డీఫాల్ట్ ఉంది కాబట్టి ఐచ్ఛికం. డీఫాల్ట్ తీసేస్తే తప్పనిసరి, పంపకపోతే 422 ఎర్రర్ (పంపింది సరిగా లేదని చెప్పే హెచ్‌టీటీపీ కోడ్). ఫ్రేమ్‌వర్క్ ఇంతకుమించి ఏమీ అడగదు. సమాన గుర్తు ఉందా లేదా అన్నది చూసే నిర్ణయం తీసుకుంటుంది. అందుకే "అలవాటుగా" డీఫాల్ట్ పెట్టకండి. పిలిచేవాడు కచ్చితంగా ఆలోచించి చెప్పాల్సిన విషయమైతే డీఫాల్టే వద్దు, 422 రానివ్వండి.

ఫాస్ట్‌ఏపీఐ తనే తయారుచేసే /డాక్స్ పేజీ తెరిస్తే మీ డీఫాల్ట్ అక్కడ కనిపిస్తుంది. ఫ్రంట్ఎండ్ వాళ్లకు ఆ పేజీయే ఒప్పందం.

నాలుగో అడుగు: యూఆర్ఎల్‌లో వచ్చేది అక్షరాలేనని గుర్తుంచుకోండి

హెచ్‌టీటీపీకి బూలియన్ తెలియదు. చక్కెర=ఫాల్స్ అని యూఆర్ఎల్‌లో వస్తే అది అయిదు ఇంగ్లిష్ అక్షరాల స్ట్రింగ్, అంతే. దాన్ని నిజమైన ఫాల్స్‌గా మార్చే పని ఫాస్ట్‌ఏపీఐ కింద ఉండే పైడాంటిక్ అనే లైబ్రరీ చేస్తుంది. ట్రూ, ఆన్, యెస్, 1, ఉత్త టీ, ఉత్త వై అన్నవి ట్రూ. ఫాల్స్, ఆఫ్, నో, 0, ఉత్త ఎఫ్, ఉత్త ఎన్ అన్నవి ఫాల్స్. పెద్దక్షరాలైనా చిన్నక్షరాలైనా ఒకటే. ఇంకేం పంపినా 422. "?చక్కెర" అని పేరు మాత్రం రాసి విలువ వదిలేసినా 422 వస్తుంది. హెచ్‌టీఎంఎల్‌కు అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ తడబడతారు. అక్కడ బటన్‌కు డిజేబుల్డ్ అన్న మాట ఉంటే చాలు, దానికి విలువగా ఫాల్స్ రాసినా బటన్ పనిచెయ్యదు.

ఈ మార్పిడి ఏ ఫ్రేమ్‌వర్క్‌లో ఎవరు చేస్తారో ముందే కనుక్కోండి. ఫ్లాస్క్‌లో రిక్వెస్ట్.ఆర్గ్స్.గెట్ పిలిచి టైప్=బూల్ అని ఇస్తే, అది పైథాన్ బూల్‌ను నేరుగా వాడుతుంది. బూల్("ఫాల్స్") ఎంత? ట్రూ. ఖాళీ కాని ఏ స్ట్రింగైనా పైథాన్‌కు నిజమే. వినియోగదారు ఫాల్స్ అని స్పష్టంగా రాసి పంపితే సర్వర్ ట్రూ అని అర్థం చేసుకుంటుంది. జాంగోలో రిక్వెస్ట్.గెట్ నుంచి తీసిన విలువ అయితే స్ట్రింగ్‌గానే చేతికొస్తుంది, మార్చుకునే పూచీ మనదే. జావాస్క్రిప్ట్‌లోనూ బూలియన్("ఫాల్స్") ట్రూయే.

అయిదో అడుగు: చెక్‌బాక్స్ ఉంటే ఆగి ఆలోచించండి

ఫారంలో "చక్కెర కావాలి" అని చెక్‌బాక్స్ పెట్టారు. టిక్ ఉంటే బ్రౌజర్ ఆన్ అని పంపుతుంది. టిక్ తీసేస్తే? ఏమీ పంపదు. ఫాల్స్ అని కాదు, ఆ పేరే ఉండదు.

ఇప్పుడు సర్వర్‌లో చక్కెర: బూల్ = ఫారం(ట్రూ) అని ఉందనుకోండి. టిక్ పెడితే ట్రూ. టిక్ తీస్తే ఏమీ రాలేదు కాబట్టి డీఫాల్ట్, అంటే ట్రూ. ఆ ఫారం నుంచి చక్కెర వద్దని చెప్పడం ఎవరి తరమూ కాదు. టిక్ తీసి సేవ్ కొడితే పేజీ మళ్లీ టిక్‌తోనే తెరుచుకుంటుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు బ్రౌజర్ క్యాష్ అనుకొని అరపూట దాన్నే తుడుస్తూ కూర్చున్నాను.

దారులు రెండు. చెక్‌బాక్స్ వెనక ఉండే పారామీటర్‌కు సర్వర్‌లో ఎప్పుడూ ఫాల్స్ డీఫాల్ట్ పెట్టి, మొదట్లో టిక్ కనిపించాలంటే హెచ్‌టీఎంఎల్‌లో పెట్టడం ఒకటి. నాకు ఇదే నచ్చుతుంది. రెండోది, చెక్‌బాక్స్‌కు ముందు అదే పేరుతో ఫాల్స్ విలువ ఉన్న హిడెన్ ఇన్‌పుట్ పెట్టడం. టిక్ లేకపోతే ఫాల్స్ ఒక్కటే వస్తుంది, ఉంటే రెండూ వస్తాయి, ఫాస్ట్‌ఏపీఐ చివరిది తీసుకుంటుంది. రూబీ భాషలోని రైల్స్ ఫ్రేమ్‌వర్క్ తన చెక్‌బాక్స్ హెల్పర్‌లో ఈ హిడెన్ ఇన్‌పుట్‌ను తనే పెట్టేస్తుంది.

ఆరో అడుగు: మార్పులు చేసే చోట చెప్పనిదాన్ని ముట్టుకోకండి

దీనికి నేను మూల్యం చెల్లించాను. కొన్నేళ్ల కిందట ఇక్కడే ఒక చిన్న కంపెనీలో టిఫిన్లు ఇంటికి చేర్చే యాప్ మీద పనిచేశాను. ప్రొఫైల్ మార్చుకునే ప్యాచ్ (ఉన్న రికార్డులో కొంత మాత్రమే మార్చే) ఎండ్‌పాయింట్ నాదే. మోడల్‌లో, అంటే ఏ ఫీల్డులు రావచ్చో చెప్పే పైడాంటిక్ క్లాసులో, అడ్రస్ ఉంది. మెసేజ్‌లు పంపాలా అని కొత్త ఫీల్డ్ ఒకటి చేర్చి, డీఫాల్ట్ ఫాల్స్ పెట్టాను. మొదటి అడుగులో చెప్పిన సూత్రం ప్రకారం అది సరైనదే కదా: అడగనిదే ఎస్సెమ్మెస్ పంపకూడదు.

ఫోన్లలో పాత వెర్షన్ యాప్ ఉన్నవాళ్లకు ఈ కొత్త ఫీల్డ్ తెలియదు. వాళ్లు ఇల్లు మారి అడ్రస్ ఒక్కటే మార్చుకున్నారు. యాప్ అడ్రస్ ఒక్కటే పంపింది. సర్వర్ మాత్రం లేని ఫీల్డ్‌లో డీఫాల్ట్ ఫాల్స్ నింపి, మొత్తాన్నీ డేటాబేస్‌లో రాసేసింది. అంతకుముందు వేరే దారిలో మెసేజ్‌లు కావాలని చెప్పినవాళ్లకు కూడా ఆగిపోయాయి. రెండు వారాల తర్వాత కొండాపూర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు: "టిఫిన్ గేటు దగ్గర పెట్టిపోతున్నారు, మెసేజ్ రాదు, నేను చూసేసరికి ఇడ్లీ రాయైపోతోంది." అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఎరుపు గీత లేదు.

కొత్త రికార్డు పుట్టేటప్పుడు డీఫాల్ట్ నింపడం వేరు, ఉన్న రికార్డును మార్చేటప్పుడు నింపడం వేరు. రెండోచోట చెప్పని ఫీల్డ్‌కు ఒకటే అర్థం: పాతది పాతగానే ఉండనివ్వు. పైడాంటిక్‌కు ఈ తేడా తెలుసు, ఏ ఫీల్డులు నిజంగా వచ్చాయో గుర్తుపెట్టుకుంటుంది. మనం అడగాలి అంతే:

మార్పులు = వచ్చింది.మోడల్_డంప్(ఎక్స్‌క్లూడ్_అన్‌సెట్=ట్రూ)

ఇప్పుడు పంపిన ఫీల్డులే మార్పుల్లో ఉంటాయి. (పైడాంటిక్ 2 కంటే ముందు ఈ మెథడ్ పేరు డిక్ట్.) గమనించారా, ఎక్స్‌క్లూడ్_అన్‌సెట్ కూడా బూలియన్ పారామీటరే, దాని డీఫాల్ట్ ఫాల్స్. నేను దానికి ఏమీ చెప్పకపోవడమే నా బగ్.

చాలామంది ఇక్కడ టైపును "బూల్ | నన్ = నన్" అని మార్చేస్తారు. మోడల్‌లో అది అక్కర్లేదు, పైగా కొత్త తలనొప్పి. యాప్ పొరపాటున నల్ (నన్‌కు జేసన్‌లో పేరు) పంపితే అది "వచ్చిన ఫీల్డ్" కింద లెక్కై నన్‌గా డేటాబేస్ దాకా వెళ్తుంది. ఉత్త బూల్ ఉంచి ఎక్స్‌క్లూడ్_అన్‌సెట్ వాడితే నల్‌కు 422 పడుతుంది, పంపనిది పక్కకుపోతుంది. మామూలు ఫంక్షన్లలో, విడివిడిగా రాసిన క్వెరీ పారామీటర్లలో మాత్రం ఏది వచ్చిందో గుర్తుపెట్టే ఏర్పాటు లేదు కాబట్టి అక్కడ నన్ తప్పదు. నన్ పెట్టినప్పుడు "ఇఫ్ నాట్ చక్కెర" అని రాయకండి, నన్‌నూ ఫాల్స్‌నూ ఒకే గాటన కట్టేస్తుంది. "చక్కెర ఆర్ ట్రూ" అంతకన్నా దారుణం: చక్కెర ఫాల్స్ అయినా జవాబు ట్రూ. "ఈజ్ నన్" ఒక్కటే నమ్మదగ్గది.

మా కథలో మిగిలిన ముక్క: కోడ్ సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. డేటా సరిచేయడం కుదరలేదు. ఎవరు నిజంగా వద్దన్నారు, ఎవరికి మేం ఫాల్స్ అంటగట్టామన్నది ఆ కాలమ్ చూసి చెప్పలేం, రెండూ ఒకేలా ఉన్నాయి. చివరికి యాప్ తెరవగానే అందరినీ మళ్లీ అడిగాం.

ఏడో అడుగు: డేటాబేస్‌లో డీఫాల్ట్ ఎవరు నింపుతారో చూసుకోండి

పైథాన్ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లైబ్రరీలో డీఫాల్ట్, సర్వర్_డీఫాల్ట్ అని రెండున్నాయి. మొదటిది పైథాన్ వైపు, రికార్డును ఇన్సర్ట్ చేసే సమయానికి నింపుతుంది. ఆబ్జెక్ట్ తయారైన వెంటనే కాదు. కస్టమర్() అని సృష్టించి, ఫ్లష్ (డేటాబేస్‌కు పంపడం) కాకముందే ఆ బూలియన్ చదివితే నన్ వస్తుంది. సర్వర్_డీఫాల్ట్ డేటాబేస్ టేబుల్‌లోనే ఉంటుంది, వేరే స్క్రిప్టు నేరుగా రాసినా పనిచేస్తుంది.

ఇప్పటికే వరుసలున్న టేబుల్‌కు నల్ ఒప్పుకోని కొత్త బూలియన్ కాలమ్ చేరుస్తుంటే సర్వర్_డీఫాల్ట్ కావాల్సిందే, లేకపోతే మైగ్రేషన్ (టేబుల్ ఆకారం మార్చే స్క్రిప్టు) ఆగిపోతుంది. పెద్ద టేబుల్ అని భయపడకండి. పోస్ట్‌గ్రెస్ 11 (2018) నుంచి స్థిరమైన డీఫాల్ట్‌తో కాలమ్ చేరిస్తే టేబుల్ మొత్తాన్ని తిరగరాయదు. నల్ ఒప్పుకునేలా మాత్రం వదిలేయకండి. వేర్ చక్కెర = ఫాల్స్ అని వెతికితే నల్ ఉన్న వరుసలు రావు, ట్రూ అని వెతికినా రావు. ఏ రిపోర్టులోనూ కనిపించని కస్టమర్లు తయారవుతారు.

ఎనిమిదో అడుగు: ఎన్విరాన్‌మెంట్, కమాండ్ లైన్

ఇవీ స్ట్రింగులే, కాబట్టి నాలుగో అడుగులోని జబ్బే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చదివే ఓఎస్.గెట్ఎన్వ్ నుంచి వచ్చిన ఫాల్స్ ఒక స్ట్రింగ్, అంటే నిజం. పైడాంటిక్ సెట్టింగ్స్ వాడండి, మార్పిడి అదే చూసుకుంటుంది. కమాండ్ లైన్ మాటలు చదివే ఆర్గ్‌పార్స్‌లో టైప్=బూల్ రాయకండి. పైథాన్ 3.9 నుంచి ఉన్న బూలియన్ఆప్షనల్‌యాక్షన్ ఇస్తే --ఐస్, --నో-ఐస్ అని రెండు మాటలూ వస్తాయి.

తొమ్మిదో అడుగు: మూడో జవాబు వినిపిస్తే బూలియన్ వదిలేయండి

జ్యూస్ సెంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడితే "షుగర్ తక్కువ" అన్న మాట కచ్చితంగా వినిపిస్తుంది. ఆ రోజు చక్కెర బూలియన్ కాదు. దానికి తోడు తక్కువ_చక్కెర అని ఇంకో బూలియన్ చేరిస్తే నాలుగు కలయికలవుతాయి, వాటిలో చక్కెర లేదు కానీ తక్కువ చక్కెర ఉంది అన్న వింత కూడా ఉంటుంది. ఈనమ్ (ముందే ఖాయం చేసిన కొన్ని విలువల జాబితా) పెట్టండి: లేదు, తక్కువ, మామూలు. డీఫాల్ట్ మామూలు.

పదో అడుగు: మూడు టెస్టులు రాయండి, ఆ తర్వాతే డీఫాల్ట్ జోలికి వెళ్లండి

ఒక్కో పారామీటర్‌కు ట్రూ పంపినప్పుడు, ఫాల్స్ పంపినప్పుడు, అసలు పంపనప్పుడు అని మూడు టెస్టులు. జనం మూడోది మానేస్తారు. టెస్టులు నడిపే పైటెస్ట్‌లో పారామెట్రైజ్ వాడితే మూడూ ఒక్క ఫంక్షన్‌లో ఇమిడిపోతాయి. ప్యాచ్ ఎండ్‌పాయింట్ అయితే పాత విలువ ట్రూ ఉన్నప్పుడు ఒకసారి, ఫాల్స్ ఉన్నప్పుడు ఒకసారి, ఆ ఫీల్డ్‌ను పంపకుండా వదిలేసి ఏం జరుగుతుందో చూడండి.

ఎప్పుడో ఒకరోజు మేనేజర్ వచ్చి "ఇకనుంచి చక్కెర డీఫాల్ట్ ఫాల్స్ చేద్దాం" అంటాడు. ఒక్క పదం మార్పు, కానీ ఏమీ చెప్పకుండా మీ మీద ఆధారపడ్డ ప్రతి క్లయింట్‌కూ జ్యూస్ రుచి మారుతుంది. ఫాస్ట్‌ఏపీఐలో డీఫాల్ట్ సర్వర్ దగ్గర ఉంటుంది కాబట్టి డిప్లాయ్ అయిన క్షణమే మారుతుంది. సీ షార్ప్‌లో కథ వేరు. అక్కడ డీఫాల్ట్ విలువ పిలిచేవాడి కోడ్‌లోకి కంపైల్ అయిపోతుంది, లైబ్రరీలో మార్చినా వాళ్లు మళ్లీ కంపైల్ చేసేదాకా పాతదే నడుస్తుంది.

కాబట్టి ముందు టైపును "బూల్ | నన్ = నన్" చేసి, నన్ వచ్చినప్పుడు ఏ క్లయింట్ నుంచి వచ్చిందో లాగ్‌లో రాసి, లోపల ట్రూగానే నడపండి. బయటికేమీ మారదు. రెండు మూడు వారాల లాగ్ చూస్తే ఎవరెవరు నోరు తెరవడం లేదో పేర్లతో సహా తెలుస్తుంది. వాళ్లకు చెప్పి, తమకు కావల్సింది స్పష్టంగా పంపేలా మార్పించి, అప్పుడు డీఫాల్ట్ తిప్పండి. అప్‌డేట్ చెయ్యని ఫోన్లలోని పాత యాప్‌లకు ఎవరూ నచ్చజెప్పలేరు. వాటి కోసం ఇప్పుడున్న ఎండ్‌పాయింట్‌ను అలాగే వదిలేసి, కొత్త డీఫాల్ట్‌ను /వీ2/జ్యూస్ కింద పెట్టండి.